ఔటర్ వైల్డ్స్: ఒక టైమ్ లూప్ ఆట, దాని ఆఖరి విడుదల

ఔటర్ వైల్డ్స్ ఒక అన్వేషణ ప్రధానమైన వీడియో గేమ్. అమెరికాలో లాస్ ఏంజెలెస్ కేంద్రంగా పనిచేసే మోబియస్ డిజిటల్ దీన్ని తయారుచేసింది, అన్నపూర్ణ ఇంటరాక్టివ్ ప్రచురించింది. మొదటి విడుదల 2019 మే నెలాఖరున జరిగింది. 2021 సెప్టెంబర్ 28న 'ఎకోస్ ఆఫ్ ది ఐ' అనే అదనపు భాగం వచ్చింది. దీనికి మొదటి విస్తరణా, చివరి విస్తరణా ఇదేనని తయారీదారులు ముందే ప్రకటించారు. 2023 డిసెంబర్ 7న నింటెండో స్విచ్‌కు రెండు భాగాలనూ కలిపి తెచ్చారు. ఒక అమెరికా విశ్వవిద్యాలయంలో విద్యార్థి థీసిస్‌గా 2012 ప్రాంతంలో మొదలైన పని అలా పదేళ్ళు దాటాక ముగింపుకు వచ్చింది.

కథ ఒక బుల్లి సౌరకుటుంబంలో నడుస్తుంది. ఆట మొదలైన 22 నిమిషాలకు సూర్యుడు పేలిపోతాడు. ఆడేవారు చనిపోతారు, వెంటనే అదే ఉదయం, అదే నెగడు పక్కన మళ్ళీ కళ్ళు తెరుస్తారు. ఒకే కాలఖండం మళ్ళీమళ్ళీ తిరిగివచ్చే ఈ పద్ధతిని సినిమాల్లోనూ ఆటల్లోనూ టైమ్ లూప్ అంటారు. ఈ పద్ధతిని వాడుకున్న ఆటలు చాలానే ఉన్నాయి. ఔటర్ వైల్డ్స్ ప్రత్యేకత వేరు. ఒక లూప్ నుంచి ఇంకో లూప్‌లోకి ఇక్కడ ఆయుధం రాదు, డబ్బు రాదు, కొత్త శక్తి రాదు. తెలుసుకున్న సంగతి ఒక్కటే వెంట వస్తుంది. ఈ ఆట బలమూ అదే, పరిమితీ అదే. దీనికి ఆఖరి విడుదల అంటూ ఒకటి ఉండాల్సి వచ్చిందీ అందుకే.

పేరు విషయంలో రెండు తికమకలు తీర్చాలి. అదే 2019లో అక్టోబరులో 'ది ఔటర్ వరల్డ్స్' అనే మరో ఆట వచ్చింది. అది అబ్సీడియన్ సంస్థది, దీనికీ దానికీ సంబంధం లేదు. అలాగే ప్రచురణకర్త పేరులోని అన్నపూర్ణకూ హైదరాబాద్‌లోని అన్నపూర్ణ స్టూడియోస్‌కూ చుట్టరికం లేదు. ఇది మేగన్ ఎలిసన్ స్థాపించిన అమెరికన్ సినిమా నిర్మాణ సంస్థలో 2016లో మొదలైన ఆటల విభాగం.

పుట్టుక

అలెక్స్ బీచమ్ యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో ఇంటరాక్టివ్ మీడియా మాస్టర్స్ చదువుతూ ఈ ఆటను తన థీసిస్‌గా ఎంచుకున్నాడు. ఆయన్ని ప్రభావితం చేసినవాటిలో '2001: ఎ స్పేస్ ఒడిస్సీ', 'అపోలో 13' సినిమాలున్నాయి. నింటెండో వారి జెల్డా ఆటలు కూడా ఉన్నాయి, ముఖ్యంగా సముద్రయానం మీద నడిచే 'విండ్ వేకర్', కాలం తిరగబడే 'మజోరాస్ మాస్క్'. అపోలో 13 సినిమాలో అంతరిక్షం మనిషి జయించే చోటు కాదు. మనిషి ఊపిరి బిగబట్టుకుని ఎలాగో బయటపడే చోటు. బీచమ్‌కు కావలసింది ఆ భావనే. గ్రహాల్ని ఆక్రమించడం, గనులు తవ్వడం, ఓడల్ని కూల్చడం అప్పటి అంతరిక్ష ఆటలకు రివాజు. అవేవీ లేకుండా, కేవలం 'అక్కడ ఏముందో చూద్దాం' అనే ఉత్సుకత ఒక్కటే మనిషిని ముందుకు నడిపించగలదా? థీసిస్ అడిగిన ప్రశ్న ఇది.

విద్యార్థి బృందం తయారుచేసిన ఆల్ఫా రూపం బొమ్మల పరంగా మొరటుగా ఉండేది. గ్రహాలు మాత్రం అప్పటికే తిరిగేవి, సూర్యుడు అప్పటికే పేలేవాడు. ఆ ఆల్ఫాను ఎవరైనా ఉచితంగా దించుకుని ఆడుకునే వీలుండేది. 2015లో జరిగిన ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో దీనికే స్యూమస్ మెక్‌నాలీ గ్రాండ్ ప్రైజ్, డిజైన్ విభాగపు బహుమతి వచ్చాయి. పూర్తికాని ఆటకు, అదీ కళాశాల బెంచీల మీంచి వచ్చినదానికి, స్వతంత్ర ఆటల రంగంలోని అత్యున్నత పురస్కారం రావడం మామూలు విషయం కాదు.

ఈ బృందానికి నీడనిచ్చినవాడు మాసీ ఓకా. 'హీరోస్' టీవీ ధారావాహికలో కాలాన్ని ఆపగల హిరో నకమురా పాత్రతో ఆయన ప్రసిద్ధుడు. నటుడు కాకముందు, అయ్యాక కూడా, ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్‌లో డిజిటల్ ఎఫెక్ట్స్ పనిచేశాడు. ఆయన నెలకొల్పిన మోబియస్ డిజిటల్‌లోకి బీచమ్, డిజైనర్ లోన్ వెర్నో తదితరులు చేరాక ఆట వ్యాపార రూపం దాల్చడం మొదలైంది. 2015 ఆగస్టులో ఫిగ్ అనే కొత్త క్రౌడ్ ఫండింగ్ వేదిక మీద మొట్టమొదటి ప్రచారం ఈ ఆటదే. అడిగినది 1,25,000 డాలర్లు, లక్ష్యాన్ని కొద్దిగా దాటి వచ్చింది. ఆ మొత్తంతో నాలుగేళ్ళు పని జరగదు. తర్వాత అన్నపూర్ణ ఇంటరాక్టివ్ ప్రచురణకర్తగా రావడంతో గడువు పెరిగింది, బొమ్మలన్నీ వెస్లీ మార్టిన్ కళాదర్శకత్వంలో కొత్తగా రూపొందాయి.

విడుదలకు ముందు ఒక వివాదం నడిచింది. కంప్యూటర్ రూపాన్ని కొంతకాలం ఎపిక్ గేమ్స్ స్టోర్‌కే పరిమితం చేయడంతో, స్టీమ్ అనే ఇంకో ఆన్‌లైన్ దుకాణంలో వస్తుందని నమ్మి ముందే డబ్బిచ్చినవారు నొచ్చుకున్నారు. వారి బాధలో న్యాయం ఉంది. స్టీమ్‌లోకి ఆట 2020 జూన్‌లో వచ్చింది.

లోకం

ఆడేవారి పాత్రకు పేరు లేదు. టింబర్ హార్త్ అనే అడవుల గ్రహం మీద నాలుగు కళ్ళున్న హార్తియన్ల జాతి ఉంటుంది. ఉన్నది ఒక్క పల్లె. ఆ పల్లెవాళ్ళు చెక్కలూ రేకులూ కలిపి బిగించిన నౌకల్లో అంతరిక్షంలోకి వెళుతుంటారు. వాళ్ళ అంతరిక్ష సంస్థ పేరు ఔటర్ వైల్డ్స్ వెంచర్స్. ఆడేవారు దానిలో కొత్తగా చేరిన వ్యోమగామి. నెగడు దగ్గర పుల్లకు గుచ్చిన మార్ష్‌మాలో కాల్చుకుని, మ్యూజియంలోని అబ్జర్వేటరీకి వెళ్ళి హార్న్‌ఫెల్స్ దగ్గర లాంచ్ కోడ్ తీసుకుని నౌక ఎక్కాలి. దారిలో మ్యూజియంలోని ఒక రాతి విగ్రహం కళ్ళు తెరిచి చూస్తుంది. ఆ క్షణం నుంచే జ్ఞాపకం చావును దాటి వెనక్కి రావడం మొదలవుతుంది.

పైన తిరిగే గ్రహాలు ఒక్కొక్కటీ కొన్ని వందల మీటర్ల వ్యాసార్ధం లోపలివే. పరిమాణంలో చిన్నవైనా ప్రతిదీ ఒక యంత్రంలా పనిచేస్తుంది, ప్రతిదానికీ సొంత గడియారం ఉంది. ఆష్ ట్విన్, ఎంబర్ ట్విన్ అనే జంట గ్రహాల మధ్య ఇసుక ధారగా పారుతూ ఉంటుంది. ఒకదాని మీద ఇసుక తరిగేకొద్దీ పూడిపోయిన బురుజులు బయటపడతాయి, రెండోదాని గుహలు మెల్లగా నిండిపోతాయి. ఎంబర్ ట్విన్ గుహలోని రాతలు చదవాలంటే తొలి నిమిషాల్లో చేరాలి, ఆష్ ట్విన్ బురుజుల్లోకి వెళ్ళాలంటే కాసేపు ఆగాలి. బ్రిటిల్ హాలో అనే గ్రహం లోపల డొల్ల, మధ్యలో కృష్ణబిలం. దాని చందమామ అగ్నిపర్వతాలతో నిప్పుకణికలు కురిపిస్తూ ఉంటే నేల పెంకులు పెంకులుగా ఊడి ఆ బిలంలో పడిపోతుంది. పడినవి, వాటితోపాటు పడిన మనమూ, సౌరకుటుంబం అంచున ఉన్న శ్వేతబిలం దగ్గర తేలతాం. జెయింట్స్ డీప్ మొత్తం సముద్రం. సుడిగాలులు ద్వీపాలనే ఎత్తి అంతరిక్షంలోకి విసిరేస్తాయి, అవి మళ్ళీ నీళ్ళలో పడతాయి. డార్క్ బ్రాంబుల్ ముళ్ళతీగల చిక్కుముడి, బయటికంటే లోపల పెద్దది. అందులో ఓడను మింగేసే ఆంగ్లర్ చేపలు కాచుకుని ఉంటాయి. ఇవి కాక ఒక మంచు తోకచుక్క, ఎవరూ చూడనప్పుడు చోటు మారే క్వాంటం చంద్రుడు.

ఇదంతా ముందే రికార్డు చేసిన యానిమేషన్ కాదు. యూనిటీ ఇంజిన్‌లో తయారైన ఈ ఆటలో గ్రహాలు గురుత్వాకర్షణ బలాల లెక్క ప్రకారం కదులుతాయి. కదిలే గ్రహం మీద నడుస్తున్న మనిషిని, పైన ఎగురుతున్న నౌకను ఒకేసారి లెక్కించడంలో కంప్యూటర్‌కు ఒక చిక్కుంది. మధ్యబిందువు నుంచి దూరం పెరిగేకొద్దీ దశాంశాల్లో ఖచ్చితత్వం తగ్గి బొమ్మ వణుకుతుంది. దానికి బృందం కనుక్కున్న ఉపాయం, ఆడేవారినే విశ్వానికి కేంద్రంగా పెట్టడం. మనం ముందుకు అడుగేస్తే నిజానికి విశ్వం మొత్తం వెనక్కి జరుగుతుంది. తెర ముందు కూర్చున్నవారికి ఆ సంగతి తెలియదు.

నౌక నడపడం కూడా న్యూటన్ సూత్రాల ప్రకారమే. ఎటు తోస్తే అటు పోతూనే ఉంటుంది, ఆపాలంటే ఎదురు తోపు ఇవ్వాలి. ఆటోపైలట్ ఉంది గాని దారిలో సూర్యుడు అడ్డుగా ఉన్నాడో లేదో అది చూసుకోదు. కొత్తవారి తొలి మరణాల్లో చాలావాటికి ఇదే కారణం.

తెలుసుకోవడమే తాళంచెవి

మామూలు ఆటల్లో మూసిన తలుపు తెరవడానికి తాళంచెవి సంపాదించాలి. ఇక్కడ తలుపులు చాలావరకు మొదటి నిమిషం నుంచీ తెరిచే ఉంటాయి. అవి తలుపులని మనకు తెలియదు, అంతే. సిద్ధాంతరీత్యా అన్నీ తెలిసిన మనిషి లాంచ్ కోడ్ తీసుకుని తిన్నగా వెళ్ళి ఒక్క లూప్‌లోనే ఆట పూర్తిచేయవచ్చు. ఆటను వీలైనంత త్వరగా ముగించే స్పీడ్‌రన్నర్లు అలాగే చేస్తున్నారు. మొదటిసారి ఆడేవారికి పదిహేను, ఇరవై గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. రెండింటి మధ్య తేడా తలలోని సమాచారమే.

ఆ సమాచారం ఎలా అందుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ ఇస్తాను. స్వయంగా ఆడి కనుక్కోవాలనుకునేవారు ఈ పేరా దాటేయాలి. డార్క్ బ్రాంబుల్‌లోని చేపలు నౌకను పదేపదే మింగేస్తాయి. ఎంత వేగంగా వెళ్ళినా తప్పించుకోలేం. ఎక్కడో సంబంధం లేని ఎంబర్ ట్విన్ గుహలో అలాంటి చేప శిలాజం ఒకటి ఉంది. దాని దగ్గర పూర్వకాలపు పిల్లలు ఆడుకున్న ఆట నియమాలు గోడమీద రాసి ఉంటాయి. చేప వేషం వేసిన పిల్ల కళ్ళకు గంతలు కట్టాలి, మిగతావాళ్ళు చప్పుడు చేయకుండా దాటిపోవాలి. పిల్లల ఆటగా చదివినది కాస్త ఆలస్యంగా అర్థమవుతుంది: చేపలకు కళ్ళు కనపడవు, వినికిడి మాత్రమే ఉంది. ఇంజిన్ ఆపేసి ఊపిరి బిగబట్టి వాటి దవడల మధ్య నుంచి తేలుతూ వెళ్ళాలి. ఇంతకాలం మనల్ని చంపింది మన తొందరే. ఒక్క వాక్యం చదవడం వల్ల ఒక గ్రహం స్వభావమే మారిపోయే ఇలాంటి ఘట్టాలు ఈ ఆటలో చాలా ఉన్నాయి. ఆటల రూపకల్పనలో ఇంత నిజాయితీ గల బహుమానాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

సేకరించినదంతా నౌకలోని లాగ్‌లో నమోదవుతుంది. ఒక్కో చోటు ఒక్కో చిత్రం, వాటి మధ్య దారాల్లాంటి గీతలు, ఏ వదంతి ఏ చోటుకు దారితీస్తుందో చూపించే పటం. ఒక చోట చూడాల్సింది మిగిలి ఉంటే లాగ్ ఆ మాట చెబుతుంది. ఏం చేయాలో మాత్రం ఎక్కడా చెప్పదు. ఈ సంయమనం సాధించడం కష్టం. ఆడేవారు ఏ గ్రహానికి ముందు వెళతారో, ఏ గోడ చివర చదువుతారో రచయితకు తెలియదు. ఏ వరసలో చదివినా అర్థమయ్యేలా, ఏ ఒక్కటీ మిగతావాటి రుచి చెడగొట్టకుండా రాయాలి.

ఆ రాత బాధ్యత అలెక్స్ సోదరి కెల్సీ బీచమ్‌ది. గోడల మీద ఈ రాతలు వదిలి అంతరించిన పూర్వకాలపు జాతి పేరు నోమాయ్. వాళ్ళ లిపి గోడల మీద సుడులు తిరుగుతూ ఉంటుంది. ఒకరి మాట నుంచి ఇంకొకరి జవాబు కొమ్మలా మొలుస్తుంది. కాబట్టి మనం చదివేది చరిత్ర గ్రంథం కాదు. వాదులాట, ఆటపట్టింపు, వేలాకోళం, ప్రేమలేఖ, లెక్క తప్పిందని ఒకరు ఇంకొకరిని సరిదిద్దడం. లక్షల ఏళ్ళ కిందట చనిపోయినవారి గొంతులు ఇంత సజీవంగా వినిపించడం వల్లే వారి అస్థిపంజరాలు కనిపించినప్పుడు కడుపులో మెలిపెడుతుంది. పేర్ల ఎంపికలో ఒక క్రమం ఉంది: హార్తియన్లకు గాబ్రో, ఫెల్డ్‌స్పార్, చెర్ట్, స్లేట్ వంటి రాళ్ళ, ఖనిజాల పేర్లు, నోమాయ్‌లకు సొలానమ్, కసావా వంటి మొక్కల పేర్లు.

సంగీతం

ఆండ్రూ ప్రాలో కూర్చిన సంగీతంలో బాంజో ప్రధానం. అంతరిక్షం అనగానే వచ్చే భారీ వాద్యబృందం బదులు, చలికాచుకుంటూ వాయించుకునే పల్లె వాద్యం. వేరువేరు గ్రహాల మీద ఒంటరిగా ఉన్న యాత్రికులు ఒక్కొక్కరూ ఒక్కో వాద్యం పలికిస్తుంటారు. రీబెక్ బాంజో, చెర్ట్ డప్పులు, గాబ్రో ఫ్లూటు, ఫెల్డ్‌స్పార్ మౌతార్గాన్, ముసలి ఎస్కర్ ఊరికే ఈల. సిగ్నల్‌స్కోప్ అనే పరికరాన్ని ఒక్కో గ్రహం వైపు తిప్పితే ఒక్కో వాద్యం వినిపిస్తుంది. సౌరకుటుంబానికి బాగా దూరంగా వెళ్ళి వెనక్కి తిరిగి అన్నింటినీ ఒకే చూపులో పడేలా పట్టుకుంటే, అవన్నీ కలిసి ఒకే పాట. ఒకరికొకరు వినపడనివారు ఒకే బాణీ వాయిస్తున్నారు. ఇది కనుక్కోమని ఆట ఎవరికీ చెప్పదు.

సూర్యుడు పేలడానికి ముందు వచ్చే మెల్లటి బాణీ ఇంకొక గుర్తు. అది మొదలైందంటే ఇక చేయగలిగింది లేదు. మొదట్లో ఆ బాణీ వినగానే ఎక్కడికైనా పరుగెత్తాలనిపిస్తుంది. కొన్నాళ్ళకు చాలామంది నౌక ఆపి, ఆకాశంలోకి చూస్తూ కూర్చుంటారు.

ఇతర టైమ్ లూప్ ఆటలు

ఒకే రోజు తిరిగితిరిగి రావడాన్ని 1993 నాటి 'గ్రౌండ్‌హాగ్ డే' సినిమా లోకప్రసిద్ధం చేసింది. తెలుగులో 2021లో ఆహా వేదిక మీద వచ్చిన 'కుడి ఎడమైతే' ధారావాహిక ఈ పద్ధతినే పోలీసు కథకు వాడుకుంది. ఆటల్లో దీనికి గట్టి పునాది వేసినది 2000లో వచ్చిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: మజోరాస్ మాస్క్'. చందమామ నేలమీద పడబోయే మూడు రోజులు, నిజ కాలంలో సుమారు 54 నిమిషాలు, మళ్ళీమళ్ళీ వస్తాయి. అందులో సంపాదించిన ముఖ్యమైన వస్తువులు నిలుస్తాయి, ఊరివాళ్ళకు చేసిన మేలు మాత్రం ప్రతిసారీ చెరిగిపోతుంది. ఆ దిగులు ఔటర్ వైల్డ్స్‌లోకి నేరుగా వచ్చింది.

జపాన్‌లో ర్యుకిషి07 అనే కలంపేరుగల రచయిత నడిపిన 'హిగురాషి' ఇంకో దారి. 1983 జూన్‌లో ఒక పల్లెలో జరిగే హత్యల కథ ఎనిమిది భాగాలుగా 2002 నుంచి 2006 వరకు టోక్యో కామిక్ మార్కెట్‌లో వచ్చింది. మొదటి నాలుగు భాగాలు ప్రశ్నలు, తర్వాతి నాలుగు జవాబులు. పాఠకులు ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య నెలల తరబడి ఊహాగానాలు చేసుకునేవారు. అక్కడ కూడా లూప్‌కు విలువ ఇచ్చింది ఆఖరి భాగమే.

ఔటర్ వైల్డ్స్ తర్వాత రెండేళ్ళలో ఈ తరహా ఆటలు గుంపుగా వచ్చాయి. ఆస్ట్రేలియాలో నిక్ పియర్స్ 2015లో 'స్కైరిమ్' ఆటకు అనుబంధంగా చేసిన 'ది ఫర్‌గాటెన్ సిటీ' 2021 జూలైలో స్వతంత్ర ఆటగా వచ్చింది. అదే ఆగస్టులో అన్నపూర్ణ ఇంటరాక్టివ్ నుంచే 'ట్వెల్వ్ మినిట్స్', సెప్టెంబర్‌లో ఆర్కేన్ వారి 'డెత్‌లూప్' విడుదలయ్యాయి. వీటిలో చాలావాటికి లూప్ ఒక పజిల్. ఔటర్ వైల్డ్స్‌లో మాత్రం లూప్ ఎందుకు ఉందన్నదే కథ.

ఆదరణ

2019 ముగిసేసరికి యూరోగేమర్, పాలిగాన్ వెబ్‌సైట్లు దీన్ని ఆ ఏటి ఉత్తమ ఆటగా ఎంచాయి. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ వల్ల ఆన్‌లైన్‌లో జరిగిన బాఫ్టా గేమ్స్ అవార్డుల్లో ఉత్తమ ఆట, గేమ్ డిజైన్, ఒరిజినల్ ప్రాపర్టీ అనే మూడు బహుమతులు దక్కాయి. ప్లేస్టేషన్ 4 రూపం 2019 అక్టోబరులో వచ్చింది.

ఆట నచ్చనివారూ ఉన్నారు. నౌక నడపడం చేతికి అలవాటు కావడానికి టైము పడుతుంది. ఒక గుహ చివరకు చేరిన క్షణంలో సూర్యుడు పేలితే, ఆ దారంతా మళ్ళీ నడవాలి. ఏం చేయాలో చెప్పకపోవడం కొందరికి స్వేచ్ఛ, కొందరికి విసుగు. రెండో రకంవారి మాట కొట్టిపారేయదగ్గది కాదు.

ఇష్టపడినవారికి వచ్చిన కష్టం ఇంకొకటి. ఒకసారి పూర్తయ్యాక ఇక ఆడలేరు. జవాబులన్నీ తెలిసిన మనిషికి ఈ లోకంలో చేయాల్సింది లేదు. అందుకే ఆడినవారు పక్కవారి చేత ఆడించి, వారి ముఖం చూస్తూ కూర్చునే అలవాటు ఏర్పడింది. కథ చెప్పకుండా ఆటను సిఫార్సు చేయడం ఒక మర్యాదగా స్థిరపడింది.

ఎకోస్ ఆఫ్ ది ఐ

అలాంటి ఆటకు అదనపు భాగం ఎలా రాస్తారు? కొత్త ఆయుధాలో కొత్త స్థాయులో చేర్చడం కుదరదు, అవి లేనే లేవు. తర్వాతి కథ చెప్పడమూ కుదరదు, ఎందుకంటే మొదటి కథ పూర్తిగా ముగిసింది. మోబియస్ ఎంచుకున్న దారి, అదే 22 నిమిషాల లోపల, అదే సౌరకుటుంబంలో, ఇంతకాలం ఎవరికీ కనపడకుండా దాగి ఉన్న చోటును పెట్టడం. మ్యూజియంలో ఒక కొత్త ప్రదర్శన చేరింది. ఉపగ్రహం తీసిన ఛాయాచిత్రాల్లో ఎక్కడో ఒక తేడా. దాన్ని పట్టుకుని వెళితే సూర్యుడికి అడ్డంగా ఒక గ్రహణపు నీడ, దాని లోపలికి వెళితే 'ది స్ట్రేంజర్' అనే ఉంగరం ఆకారపు మహానౌక. ఉంగరం లోపలి వైపంతా నేల, దానిమీద చుట్టూ తిరిగి వచ్చే నది, ఒడ్డున ఖాళీ పల్లెలు. నదిలో తెప్ప మీద ప్రయాణిస్తుంటే మన ముందున్న నీళ్ళు పైకి లేచి తలమీదుగా వెనక్కి వంగి ఉంటాయి. ఆ దృశ్యం చూసిన మొదటి క్షణం ఈ భాగం మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టం. దీనికీ సొంత గడియారం ఉంది. కొన్ని నిమిషాలకు ఆనకట్ట తెగి వరద పల్లెల్ని ఊడ్చేస్తుంది.

అసలు ఆటకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. ఇక్కడి నివాసులు రాతలు వదిలి వెళ్ళలేదు. స్లైడ్ రీళ్ళు వదిలారు. చాలావాటిలో కొన్ని బొమ్మలు కాల్చేసి ఉంటాయి. ఎవరో కావాలని కాల్చారు. నోమాయ్ లిపిని చదివిపెట్టే అనువాద పరికరం ఇక్కడ పనికిరాదు, ఒక్క మాట లేకుండా బొమ్మలు చూసి కథ అల్లుకోవాలి. నోమాయ్‌లు ప్రతి విషయం రాసిపెట్టిన జాతి, తెలుసుకోవాలన్న ఆరాటంతో ఎంత దూరమైనా వెళ్ళిన జాతి. స్ట్రేంజర్ వాసులు కూడా అదే వెతుకులాటలో వచ్చారు, తెలిసినది చూసి భయపడ్డారు, తెలిసినదాన్ని దాచేశారు. ఒకే సత్యం ముందు నిలబడిన రెండు జాతుల ప్రవర్తనను పక్కపక్కన పెట్టడం వల్ల ఈ అదనపు భాగం అసలు కథకు లోతు పెంచింది.

వెలుతురు, చీకటి ఇక్కడి పరికరాలు. లాంతరు వెలిగించాలో ఆర్పాలో, దేన్ని వెలుగులోకి తేవాలో నిర్ణయించుకుంటూ సాగాలి. కొన్ని చీకటి ఘట్టాలు నిజంగా భయపెడతాయి. తయారీదారులు అది ఊహించి, భయం తగ్గించే ఎంపికను సెట్టింగ్స్‌లో పెట్టారు. నా అంచనాలో అదనపు భాగం బలహీనంగా ఉన్నది అక్కడే. ఉత్సుకతతో నడిచే ఆటలో, వెంటాడేవారి నుంచి దాక్కునే ఘట్టాలు పరాయి ఆటలోంచి వచ్చినట్టు అనిపిస్తాయి, ప్రయోగాలు చేసే ఓపికను కొంతవరకు చంపేస్తాయి. భయం ఈ కథకు అవసరమేనని, స్ట్రేంజర్ వాసుల మనసు మనకు అనుభవంలోకి రావాలంటే మనమూ భయపడాలని వాదించేవారున్నారు. ఆ వాదనలో పస ఉన్నా, ఆ ఘట్టాలు తక్కువగా ఉంటే బాగుండేదన్న నా అభిప్రాయం మారలేదు.

ముగింపు నిర్మాణం

ఇక్కడి నుంచి కథాంతం వివరాలున్నాయి. ఆడదలచినవారు ఆగిపోవడం మంచిది.

లూప్ నోమాయ్‌లు కట్టిన యంత్రం వల్ల ఏర్పడింది. విశ్వం కంటే పాతదని వారు నమ్మిన 'ఐ' అనే చోటును వెతకడానికి వారు ఒక ఫిరంగితో అన్వేషక యంత్రాన్ని ఏదో ఒక దిక్కుకు పంపాలనుకున్నారు. దొరకకపోతే ఆ ఫలితాన్ని 22 నిమిషాలు వెనక్కి పంపి, ఇంకో దిక్కుకు పేల్చాలి. కాలంలో వెనక్కి పంపడానికి కావలసిన శక్తి కోసం సూర్యుణ్ణే పేల్చే యంత్రం కట్టారు. అది పనిచేయలేదు. ఆ ప్రయత్నం ఆగిపోయాక తోకచుక్క మోసుకొచ్చిన విషపదార్థం వల్ల జాతి మొత్తం క్షణాల్లో అంతరించింది. ఎన్నో యుగాల తర్వాత సూర్యుడు తన ఆయుష్షు తీరి పేలినప్పుడు, మర్చిపోయిన ఆ యంత్రం దానంతట అది మేలుకుంది. ఆటంతా విలన్ కోసం వెతికిన మనకు దొరికేది ఇది: సూర్యుణ్ణి ఎవరూ చంపలేదు, ఆపగలిగేవారూ లేరు. నక్షత్రాలన్నీ ఆరిపోతున్నాయి, విశ్వానికే వయసైపోయింది.

అప్పుడు ఆడేవారు చేయాల్సిన పని ఒక్కటే. లూప్‌ను నడుపుతున్న యంత్రం నుంచి వార్ప్ కోర్‌ను ఊడదీయాలి. ఆ క్షణం వరకు చావు అంటే మళ్ళీ నెగడు పక్కన లేవడం. కోర్ చేతిలోకి వచ్చాక చస్తే నిజంగా చావే. సంగీతం మారుతుంది. కోర్‌తో డార్క్ బ్రాంబుల్ చేపల మధ్య నుంచి ఇంజిన్ ఆపి తేలుతూ వెళ్ళి, పాత నోమాయ్ ఓడలో అమర్చి, అన్వేషక యంత్రం కనుక్కున్న స్థాననిర్దేశాన్ని వేయాలి. ఎన్నోసార్లు తిరిగిన దారే. చేతులు మాత్రం వణుకుతాయి. లూప్ ఉన్నంతసేపు ధైర్యం ఖరీదు లేనిది, అది పోయాకనే ఈ ప్రయాణానికి బరువు వచ్చింది.

'ఐ' దగ్గర యాత్రికులందరూ ఒక నెగడు చుట్టూ చేరి, వేరువేరుగా వాయించిన పాటను చివరిసారి కలిసి వాయిస్తారు. అదనపు భాగంలో స్ట్రేంజర్ వాసులు బంధించి ఉంచిన ఖైదీని కలిసినవారికి ఆ వలయంలో ఇంకొక వాద్యం చేరుతుంది. 2019లో పూర్తయిన ముగింపును చెడగొట్టకుండా 2021 నాటి కథ దానిలోకి వచ్చిన చోటు అదే. చేర్చినది ఒక్క సభ్యుణ్ణి, ఒక్క గొంతును.

ఆఖరి విడుదల తర్వాత

ఆటలకు ఏటేటా అదనపు భాగాలు అమ్మడం రివాజైన కాలంలో, 'ఇదొక్కటే, ఇక లేదు' అని ముందే ప్రకటించడం వ్యాపారపరంగా తేలిక నిర్ణయం కాదు. ఈ ఆట విషయంలో వేరే మార్గం ఉండేదని నేననుకోను. లూప్ కథకు అర్థం ఇచ్చేది దానిలోంచి బయటపడటమే. ఏటా కొత్త రహస్యం చేరుస్తూ పోతే విశ్వానికి వయసైపోయిందన్న మాట అబద్ధమయ్యేది.

ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ యంత్రాలకు తగిన మెరుగుదలలు 2022 సెప్టెంబర్‌లో వచ్చాయి. రెండు భాగాలనూ కలిపి 'ఆర్కియాలజిస్ట్ ఎడిషన్' పేరుతో అమ్ముతున్నారు, 2023 చివర్లో స్విచ్‌కు వచ్చినదీ ఆ రూపమే. గ్రహాలన్నీ ఒకేసారి కదిలే ఈ ఆటను చేతిలో పట్టే చిన్న యంత్రానికి కుదించడం పెద్ద పని, దాని ప్రకటనకూ విడుదలకూ మధ్య చాలా కాలం గడిచింది. కంప్యూటర్ రూపానికి అభిమానులు సొంతంగా మాడ్‌లు, అంటే ఆటను మార్చే అనుబంధాలు, తయారుచేస్తున్నారు. 'న్యూ హొరైజన్స్' అనే మాడ్ సాయంతో కొత్త గ్రహాలను, కొత్త సౌరకుటుంబాలను కట్టి, నోమాయ్ లిపిలో తమ సొంత కథలు రాసి పంచుకుంటున్నారు.